ఏ పురుగో తేల్చేవాళ్లు కావాలి

రోహిణి ఎండలు పోయి మృగశిర కార్తెలో తొలి జల్లులు పడ్డాక, పొద్దుగూకే వేళకు హైదరాబాద్‌లోని నల్లగండ్లలో పురుగుల రాక మొదలవుతుంది. హుడా లేఅవుట్ వీధిదీపాల చుట్టూ, చెరువు వైపు అపార్టుమెంట్ల బాల్కనీల్లో, వెలిగే షాపు బోర్డుల కింద గోధుమరంగు పెంకుపురుగులు గిర్రున తిరిగి టప్పున రాలతాయి. వెల్లకిలా పడితే లేవలేక కాళ్లు కొట్టుకుంటాయి. పిల్లలు కేకలు పెడతారు. పెద్దలు లైట్లు ఆర్పి కిటికీలు మూస్తారు. తెల్లారి ఊడ్చేవాళ్లు చాటకెత్తి పారబోస్తారు. కొద్దిరోజులకు ఈ సందడి సద్దుమణుగుతుంది. మళ్లీ ఏడాది దాకా వాటి ఊసెత్తేవారుండరు.

ఇదేం పురుగు అని ఏ చిన్నపిల్లో అడిగితే సరిగ్గా జవాబు చెప్పగలవాళ్లు ఇంత పెద్ద నగరంలో వేళ్లమీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. చెప్పలేకపోతే కొంప మునిగేదేముంది అనిపించవచ్చు. కానీ ఇదే జవాబు కోసం అనంతపురం జిల్లాలో వేరుశనగ రైతు తరాలుగా ఎదురుచూశాడు. బ్రెజిల్‌లో సోయా రైతు కూడా ఎదురుచూశాడు. పురుగు ఏదో తేల్చడమనేది తీరుబడి ఉన్నవాళ్ల సరదా కాదు. ఒక్కోసారి పంట దక్కుతుందా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

ఒక పురుగును చేతిలోకి తీసుకుని చూడండి. కుట్టదు, విషం లేదు. బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దగా ఉంటుంది. గరుకు కాళ్లతో వేళ్ల సందుల్లోకి దూరాలని చూస్తుంది, నేల తవ్వుకుని బతికే ప్రాణి కనుక. ముందుకాళ్ల అంచున మట్టిని తోడే పళ్లు కనిపిస్తాయి. తలకు రెండు పక్కలా పొట్టి మీసాలు. ఆ మీసాల కొసల్ని కాసేపు ఓపిగ్గా గమనించాలి. గాలిలో వాసన పట్టే క్షణంలో ఆ కొస మూడు పలకలుగా విసనకర్రలా విచ్చుకుంటుంది, మళ్లీ మూసుకుంటుంది. ఈ పలకల మీసమే స్కారాబేయిడే కుటుంబానికి గుర్తు. ప్రపంచమంతా కలిపి ఈ కుటుంబంలో దాదాపు 30,000 జాతులున్నాయి. పేడ ఉండను వెనక కాళ్లతో దొర్లించుకుపోయే పేడపురుగు, కోనసీమలో కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ముపురుగు, పూల మీద వాలే తళతళల పురుగులు, మన బాల్కనీలో రాలిన ఈ గోధుమరంగు పురుగు... అన్నీ దాయాదులే.

కుటుంబం పేరు చెప్పడం ఎవరైనా ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. అక్కణ్నుంచి ఉపకుటుంబం, ప్రజాతి, జాతి అంటూ లోపలికి పోయేకొద్దీ చూపు సన్నబడాలి. కాలి చివర గోళ్లు రెండూ సమానంగా ఉన్నాయా, ఒకటి పెద్దదా? గోరు మధ్యలో పన్ను ఉందా? మీసంలో కణుపులెన్ని? తల ముందరి అంచు నునుపుగా ఉందా, నొక్కు పడిందా? ఇవన్నీ చూశాక కూడా రెండు జాతులు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే ఇక ఒక దారే మిగులుతుంది. మగ పురుగును వేడినీళ్లలో మెత్తబరచి, పొట్ట చివరినుంచి జననాంగాన్ని సన్నని సూదితో బయటికి తీసి, మైక్రోస్కోపు కింద దాని కొసల వంపు చూడాలి. పైకి ఎంత పోలిక ఉన్నా అక్కడ మాత్రం జాతికో తీరు ఉంటుంది. చూసిన తర్వాత దాన్ని చిన్న అట్టముక్కకు అంటించి, పురుగును గుచ్చిన సూదికే కింద గుచ్చుతారు. దాని కింద చీటీ. ఏ ఊరు, ఏ తేదీ, ఏ చెట్టు మీద, ఎవరు పట్టారు. ఆ చీటీ లేకపోతే ఎంత అందమైన నమూనా అయినా శాస్త్రానికి పెద్దగా పనికిరాదు.

మట్టిలో ఉండే లార్వా అయితే పని ఇంకా కష్టం. తెల్లగా, లావుగా, సగానికి ముడుచుకుని ఉండే ఈ లార్వానే రైతులు వేరుపురుగు అంటారు. పైనుంచి చూస్తే అన్నీ ఒకటే. తేడా తెలియాలంటే తిరగేసి కడపటి భాగం అడుగున చూడాలి. మలద్వారం చీలిక అడ్డంగా ఉందా, మూడు వైపులకు చీలి ఉందా? దాని ముందు ముళ్లవంటి వెంట్రుకలు వరసగా ఉన్నాయా, చెల్లాచెదురుగానా? ఆ వరసలు కలుస్తాయా, విడిపోతాయా? ఎంతో ఓపిక పట్టే చదువు ఇది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి 1977లో జి.కె. వీరేశ్ వేరుపురుగుల మీద వెలువరించిన పరిశోధన గ్రంథం వెనక అలాంటి ఓపికే ఉంది.

అంతకుముందు ఏముంది అని చూస్తే మనసు చివుక్కుమంటుంది. బ్రిటిష్ ఏలుబడిలో మన దేశపు జీవజాలం గురించి ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ అనే సంపుటాలు వచ్చాయి. అందులో ఈ పలకల మీసాల పురుగుల బాధ్యత లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన గిల్బర్ట్ జాన్ యారో తీసుకున్నారు. 1910లో పూల పురుగులు, కొమ్ముపురుగుల సంపుటి. 1917లో రుటెలినే ఉపకుటుంబంతో మరొకటి. 1931లో పేడపురుగుల మీద మూడోది. 1948లో ఆయన కన్నుమూశారు. ఆ మరుసటి ఏడు వచ్చిన నాలుగోది వేరే కుటుంబాల గురించి. రైతు పొలంలో ఎక్కువ నష్టం చేసే మెలొలాంథినే ఉపకుటుంబం, అంటే మన గోధుమరంగు పురుగులున్న గుంపు, ఆ వరసలోకి రానేలేదు. ఇంతకాలం మన వ్యవసాయ కళాశాలల్లో వీటికి పేరు పెట్టాల్సి వచ్చినవాళ్లు చేతిలో పుస్తకం లేకుండానే, విడివిడి వ్యాసాలు, పాత పట్టికలు, దూరదేశపు మ్యూజియంలకు ఉత్తరాలు... వీటితోనే నెట్టుకొచ్చారు. ఆ పనిచేసినవాళ్ల పట్ల గౌరవం కలుగుతుంది. వాళ్లకు అంత కష్టం వచ్చి ఉండకూడదనీ అనిపిస్తుంది.

ఇప్పుడు అనంతపురం సంగతి. వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. దక్షిణ బొలీవియా, ఉత్తర అర్జెంటీనా ప్రాంతంలో మొదట సాగులోకి వచ్చిన మొక్క అది. సముద్రాలు దాటి మన ఎర్రనేలలకు చేరి, సీమలో చెనక్కాయగా, తెలంగాణలో పల్లిగా ఇంటి పంటయింది. నల్లగండ్ల టిఫిన్ సెంటర్లలో ఇడ్లీ మీద పోసే పల్లీ చట్నీ దాకా వచ్చింది. వచ్చిన మొక్క కొత్తదే అయినా, దాని వేళ్లు దిగిన మట్టిలో అప్పటికే తరతరాలుగా కాపురమున్న పురుగు ఉంది. హోలోట్రైకియా ప్రజాతి పురుగు. ఆ ప్రజాతికి 1837లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ విలియం హోప్ పేరు పెట్టారు. ఆ పురుగు లార్వా కొత్త పంట వేళ్లను మరిగింది.

ఆ పురుగు ఏడాది ఎలా గడుస్తుందో తెలిస్తే రైతు చేతులెందుకు కట్టేసినట్టుంటాయో అర్థమవుతుంది. తొలకరికి నేల తడవగానే పెద్ద పురుగులు చీకటిపడే వేళ మట్టి చీల్చుకుని పైకి వస్తాయి. నేరుగా దగ్గర్లోని వేపచెట్టు మీదికి పోతాయి. అక్కడ జతకడతాయి, రాత్రంతా ఆకు తింటాయి, తెల్లారేలోపు తిరిగి మట్టిలోకి దిగిపోతాయి. ఆడవి మట్టిలో గుడ్లు పెడతాయి. గుడ్ల నుంచి వచ్చిన లార్వాలు మొదట కుళ్లిన ఆకు, సన్నని పిల్లవేళ్లు తింటూ పెరిగి, లావెక్కాక తల్లివేరును కొరికేస్తాయి. చాలు నిండుగా ఉన్న పొలంలో ఒకచోట నాలుగు మొక్కలు వాడతాయి. పట్టి లాగితే వేరు లేకుండా చేతికొస్తాయి. నాలుగు రోజులకు పక్కవి. రైతు కంటికి నష్టం కనబడేసరికి పురుగు జానెడు లోతున మట్టిలో భద్రంగా ఉంటుంది. వానలు వెనకబట్టాక అక్కడే కోశస్థ దశకు మారి, పెద్ద పురుగై, మళ్లీ తొలకరి దాకా కదలకుండా కూర్చుంటుంది. మనిషికి అది చిక్కేది ఏడాదిలో ఆ కొద్ది సాయంత్రాలే. అందుకే తొలివానల రాత్రుల్లో ఊరంతా కలిసి వేపకొమ్మలు దులిపి, రాలిన పురుగుల్ని ఏరి కిరోసిన్ కలిపిన నీళ్లలో వేయమని వ్యవసాయాధికారులు చెబుతూ వచ్చారు. వేపగింజల కషాయాన్ని పురుగుమందుగా వాడే మన నేలలో, ఆ వేపాకునే తిని బలిసే పురుగు ఇది. ప్రకృతిలో ఏ సూత్రాన్నీ చివరిదాకా నమ్మేందుకు లేదు.

నల్లగండ్ల నుంచి లింగంపల్లి, రామచంద్రాపురం మీదుగా పోతే ఇరవై కిలోమీటర్ల లోపే పటాన్‌చెరు. అక్కడ 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ 1976లో వేరుశనగనూ తన పంటల్లో చేర్చుకుంది. దాని జన్యుబ్యాంకులో ఇవాళ 15,000కు పైగా వేరుశనగ రకాల విత్తనాలు భద్రంగా ఉన్నాయి. అక్కడి కీటక శాస్త్రజ్ఞులు వి. అనిత, జె.ఎ. వైట్‌మన్, ఆస్ట్రేలియా నుంచి డి.జె. రోజర్స్ వంటివారితో కలిసి దక్షిణాది వేరుశనగ పొలాల్లో వేరుపురుగుల్ని తవ్వి చూశారు. ముందు తేల్చాల్సింది ఒకటే, పొలంలో ఉన్నది ఏ జాతి? దక్కన్ పీఠభూమిలో ముఖ్యమైనది హోలోట్రైకియా రెనోడి అని తేలింది. ఇంకొన్ని చోట్ల హోలోట్రైకియా సెర్రాటా. ఈ రెండోదానికి 1781లోనే యూరప్‌లో ఫాబ్రీషియస్ పేరు పెట్టి ఉన్నారు. పేరు అంత పాతది, మన పొలంలో దాని లెక్క మాత్రం అంత కొత్తది.

జాతి తేలాకే మిగతా పని ముందుకు కదిలింది. ఆడ పురుగు మగ పురుగును పిలిచే వాసన ఏమిటో వెతికారు. ఆడ పురుగు పొట్టలోని గ్రంథుల నుంచి తీసిన ద్రవాన్ని పరిశీలించి, అందులోని పదార్థాలను పొలంలో ఒక్కొక్కటిగానూ జంటగానూ పరీక్షించి, 2002లో ఫలితం ప్రకటించారు. ఆ పిలుపు అనిసోల్ అనే పదార్థానిది. సోంపును తలపించే వాసన దానిది. గుజరాత్, రాజస్థాన్ వైపు వేరుశనగను తినే హోలోట్రైకియా కన్సాంగ్వీనియా అనే మరో జాతి పిలుపు కూడా అచ్చంగా అదేనని అప్పటికే తెలుసు. ఈ ఉపకుటుంబంలో రెండు జాతులు ఒకే వాసనతో పిలుచుకోవడం అప్పుడే మొదటిసారి బయటపడింది. అంటే అనిసోల్ ఎరలో పురుగు పడినంత మాత్రాన అది ఏ జాతో తేలిపోదు. ఎరలో పడ్డదాన్ని తీసి, మళ్లీ ఆ సూది, ఆ మైక్రోస్కోపు, ఆ వంపు చూడాల్సిందే. వాసన దగ్గరికి పిలిచింది, గుర్తుపట్టే పని మాత్రం మనిషికే మిగిలింది.

దక్షిణ అమెరికా వైపు చూస్తే ఇదే కథ తిరగబడి కనిపిస్తుంది. అక్కడి మొక్క మన దగ్గరికి వచ్చినట్టే, చైనా ప్రాంతపు సోయా బ్రెజిల్‌కు పోయి మహాపంటయింది. దాని వేళ్లు దిగిన మట్టిలో కూడా అక్కడి సొంత పురుగు కాచుకుని ఉంది. లియోజెనిస్ అనే ప్రజాతి. 1831లో ఫ్రాన్స్‌కు చెందిన గెరాఁ-మెన్‌విల్ దానికా పేరు పెట్టారు. అక్కడ సెప్టెంబరు, అక్టోబరుల్లో తొలివానలు పడగానే ఆ గోధుమరంగు పురుగులు సాయంత్రాల్లో లేస్తాయి. వాటి లార్వాలు సోయా, మొక్కజొన్న వేళ్లు కొరుకుతాయి. బ్రెజిల్ రైతుకూ మన రైతుకూ ఒకరి భాష ఒకరికి తెలియదు. కానీ మొక్కను పట్టి లాగితే వేరు లేకుండా చేతికొచ్చినప్పుడు ఇద్దరి గుండెలోనూ కలుక్కుమనేది ఒకటే.

ఈ రెండు కథలకూ ఒక పాత ముడి ఉంది. మన హోలోట్రైకియా రెనోడికి, కన్సాంగ్వీనియాకు, అక్కడి లియోజెనిస్ ఫుస్కాకు, మూడింటికీ పేరు పెట్టినది ఒకే మనిషి. పారిస్ మ్యూజియంలో పనిచేసిన ఎమీల్ బ్లాంషార్. 1850 ప్రాంతంలో మ్యూజియంలోని పెంకుపురుగుల పట్టిక తయారు చేస్తూ, ఓడల మీద ప్రపంచం నలుమూలల నుంచి వచ్చి పెట్టెల్లో చేరిన పురుగులకు ఆయన పేర్లు పెట్టుకుంటూ పోయారు. అప్పటి వర్ణనలు ఒక్కోటి నాలుగైదు పంక్తులకు మించవు. రంగు, పొడవు, మెరుపు, వచ్చిన దేశం. అంతే. అవి పంటను తినే పురుగులవుతాయని ఆ పట్టిక రాసే చేతికి తెలిసే వీలు లేదు. ఆ నాలుగు పంక్తుల వెనక అసలు పురుగు ఏదో తేల్చడానికి నూరేళ్లు దాటాక కూడా శాస్త్రవేత్తలు పారిస్ పెట్టెల్ని మళ్లీ తెరవాల్సి వస్తోంది.

బ్రెజిల్‌వాళ్లు ఆ పని చేశారు. 2017లో మరియానా చెర్మన్ బృందం బ్రెజిల్‌లో దొరికే లియోజెనిస్ జాతులన్నిటినీ తిరిగి పరిశీలించి, కొత్తవాటికి పేర్లు పెట్టి, ‘జూకీస్’ పత్రికలో ప్రచురించింది. దాంతోపాటు కంప్యూటర్ మీద నడిచే గుర్తింపు పట్టిక కూడా ఇచ్చింది. దీని విలువ ఎక్కడుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. పాత పద్ధతి పట్టికలో ప్రశ్నలు వరసగా ఉంటాయి. మొదటి ప్రశ్నకు రెండే జవాబులు. ఏది చెబితే దాన్నిబట్టి తర్వాతి ప్రశ్న. నడుమ ఎక్కడో ‘వెనక కాలి గోరు ఎలా ఉంది’ అని అడిగితే, మీ పురుగుకు ఆ కాలే విరిగిపోయి ఉంటే ఇక అక్కడే ఆగిపోతారు. కొత్త పద్ధతిలో మీకు కనబడిన గుర్తుతో ఎక్కడినుంచైనా మొదలుపెట్టవచ్చు. రంగు చెప్పండి, కొన్ని జాతులు తప్పుకుంటాయి. తల అంచు చెప్పండి, ఇంకొన్ని పోతాయి. దొరికిన జిల్లా చెప్పండి, రెండో మూడో మిగులుతాయి. నిపుణుడు కానివాడు కూడా నిపుణుడి దాకా వెళ్లకుండానే దగ్గరికి రాగలడు. మన హోలోట్రైకియాకు అంత సమగ్రమైన పని ఇంకా జరగాల్సే ఉంది. ఆ ప్రజాతి హద్దులే పూర్తిగా స్థిరపడలేదు. ఏ జాతి అందులో ఉండాలి, ఏది బయటికి పోవాలి అన్న చర్చ ఇప్పటికీ నడుస్తోంది.

పంట నష్టం ఒక్కటే కారణమైతే ఈ సంగతి వ్యవసాయ శాఖకు వదిలేయవచ్చు. కానీ పురుగుల్ని విడదీసి చూడలేకపోతే దండన అందరికీ పడుతుంది. వేరుపురుగు కోసం ఒకప్పుడు ఫోరేట్ గుళికలు విరివిగా చల్లారు. 2020 చివరితో దేశమంతటా నిషేధించిన ఆ మందుకు వేరుపురుగు వేరు, పేడపురుగు వేరు అన్న తేడా తెలియదు. తెల్లాపూర్, నల్లగండ్ల అంచుల్లో ఇంకా అక్కడక్కడా బర్రెల కొట్టాలున్నాయి. ఆ బర్రెలు మేసే బీట్లో తాజా పేడను కట్టెపుల్లతో కదిపి చూడండి. మన దక్కన్ మేతబీళ్లలో తిరిగే పేడపురుగుల్లో జిమ్నోప్లూరస్‌కు భుజం వెనక పైరెక్క అంచు లోపలికి నొక్కుకుని ఉంటుంది. సిసిఫస్‌కు వెనక కాళ్లు ఒంటికి మించిన పొడవు. ఓనిటిస్‌కు ముందుకాళ్లకు పాదాలే ఉండవు, పుట్టుకతోనే లేవు. పేడను లోపలికి లాక్కుపోయి నేలకు ఎరువు చేసేవి, ఈగలకు గుడ్లు పెట్టే చోటు లేకుండా చేసేవి ఇవే.

పాదాలు లేకపోవడం ఓనిటిస్ గుర్తు అన్నాను కదా, దక్షిణ అమెరికాలో డెల్టోకైలమ్ అనే ప్రజాతికీ ముందుపాదాలుండవు. అయినా రెండూ దగ్గరి చుట్టాలు కావు. ఒక్క గుర్తు చూసి చుట్టరికం కలిపేస్తే తప్పు దారి పడతాం. ఆ డెల్టోకైలమ్‌లోనే వాల్గమ్ అనే జాతి పేడ జోలికి పోకుండా రోకలిబండల్ని వేటాడి తింటుందని 2009లో పెరూ అడవుల్లో గమనించారు. దాయాదులు చాలామటుకు పేడ వంటివాటి మీద బతుకుతుంటే తాను వేట పట్టింది. ప్రజాతి పేరు తెలిసినంత మాత్రాన బతుకు తీరు తెలిసిపోయిందనుకోవడానికీ వీల్లేదన్నమాట.

పేడపురుగుల విలువ ఎంతో ఆస్ట్రేలియాను అడగాలి. వలసవచ్చినవాళ్లు ఆవుల్ని తెచ్చారు. కంగారూల గట్టి పెంటికలకు అలవాటుపడిన అక్కడి పురుగులు ఆవుపేడను సరిగా ముట్టలేదు. పేడ బీళ్లమీద ఎండి పేరుకుపోయి ఈగలు ముసిరాయి. జార్జ్ బోర్నెమిస్సా చొరవతో బయటి పురుగుల్ని తెప్పించి 1968లో వదలడం మొదలుపెట్టారు. వాటిలో గజెల్లా అనే చిన్న పేడపురుగు బాగా నిలదొక్కుకుంది. 1990 ప్రాంతంలో దాన్నే బ్రెజిల్‌కూ తీసుకుపోయారు. ఇంత ప్రయాణం చేసిన పురుగు పేరు కూడా తేలికగా తేలలేదు. 2017లో జెనియే, మొరెట్టో ఆ ప్రజాతిని మళ్లీ పరిశీలిస్తే, ఆఫ్రికాలో ఒకటే అనుకున్న చోట పోలికలు కలిసిన జాతుల గుంపే బయటపడింది. ఒక దేశం నుంచి మరో దేశానికి ప్రాణుల్ని తరలించేముందు వాటి పేరు ఖాయం చేసుకోవడం ఎంత అవసరమో వేరే చెప్పక్కరలేదు.

నల్లగండ్లకు ఆనుకునే హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది. 1974లో ఏర్పడినప్పటి నుంచి అక్కడి రాళ్లగుట్టలు, కుంటలు, తుమ్మచెట్లు చాలామటుకు అలాగే మిగిలాయి. 2025 ఏప్రిల్‌లో పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల విషయం సుప్రీంకోర్టు దాకా పోయి చెట్ల నరికివేత ఆగినప్పుడు జనం జింకల్ని, నెమళ్లను, నక్షత్ర తాబేళ్లను తలుచుకుని బాధపడ్డారు. అది న్యాయమైన బాధే. ఆ చర్చలోనే ఒక సాలీడు పేరు కూడా వినబడింది. మురిషియా హైదరాబాదెన్సిస్. చెట్టు బెరడుకు అంటిపెట్టుకుని ఉండే ఆ సాలీడును ఆ ప్రాంగణంలోనే గుర్తించి, 2010లో పేరు పెట్టారు. ఎవరో ఒకరు కూర్చుని, చూసి, రాసి ఉంచారు గనక ఆపద వేళ ఆ ప్రాణికి ఒక పేరుంది, కోర్టు బయటా లోపలా ఎత్తి చూపడానికి ఒక ఆధారముంది. ఆ నేల కిందున్న పెంకుపురుగుల్లో ఎన్నింటికి ఆపాటి భాగ్యం ఉంది? సెల్లార్ కోసం నలభై అడుగులు తవ్వినప్పుడు లారీల్లోకెత్తే మట్టితోపాటు పోయేవి పేరు లేకుండానే పోతాయి.

ఇవాళ ఫోన్‌తో ఫొటో తీస్తే పేరు చెప్పే సదుపాయాలొచ్చాయి. పక్షులకు, సీతాకోకచిలుకలకు అవి గొప్పగా పనికొస్తున్నాయి. వాడాలి, పిల్లలకూ అలవాటు చేయాలి. కానీ గోధుమరంగు వేరుపురుగు జాతుల దగ్గరికి వచ్చేసరికి ఫొటోకు అందని చోట ఉంటుంది అసలు గుర్తు. పొట్ట లోపల ఉన్న వంపును ఏ కెమెరా పైనుంచి చూడలేదు. పైగా యంత్రానికి నేర్పాలన్నా ముందు ఎవరో ఒక నిపుణుడు వేల నమూనాలకు సరైన పేర్లు రాసి ఉండాలి. ఆ నిపుణుడే లేకపోతే యంత్రం ఎవరి దగ్గర నేర్చుకుంటుంది?

ఆ నిపుణుల తరం పలచబడుతోంది. జీవశాస్త్రంలో ఉద్యోగాలు, గ్రాంట్లు ప్రయోగశాల విభాగాల వైపు పోతుంటే, సూదితో పురుగును గుచ్చి ఏళ్లతరబడి పోల్చుకుంటూ కూర్చునే చదువు వైపు పిల్లలు రావడం తగ్గింది. వాళ్ల తప్పు కాదది. ఉద్యోగం లేని చదువుకు రమ్మని ఎవరిని పిలవగలం? 1916లో ఏర్పడిన భారత జంతు సర్వేక్షణ సంస్థకు అత్తాపూర్‌లో ప్రాంతీయ కేంద్రముంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌లో, ఇక్రిశాట్ పటాన్‌చెరులో, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఇదే వీధి చివర ఉన్నాయి. ఇన్ని సంస్థలు ఇంత దగ్గరగా ఉన్న నగరాలు దేశంలో తక్కువ. రెండు తెలుగు రాష్ట్రాల వేరుపురుగుల నమూనాలను ఒకచోట చేర్చి, వాటి కోసమే ఇద్దరు ముగ్గురు వర్గీకరణ నిపుణులను శాశ్వతంగా నియమించడం ఈ సంస్థలు, ప్రభుత్వాలు కలిస్తే పెద్ద ఖర్చు కాదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి దొరికితే దాని నమూనాను గుర్తింపు పొందిన భాండాగారంలో అప్పగించాలి. అప్పగించడానికి చోటుంది, తేల్చి ఇచ్చే చేతులే చాలడం లేదు.

ఐటీ కారిడార్ కంపెనీలు ఏటా సామాజిక బాధ్యత నిధుల నుంచి మొక్కలు నాటిస్తాయి, చెరువుగట్లు శుభ్రం చేయిస్తాయి. మంచి పనే. దాంతోపాటు వాళ్లకే బాగా చేతనైన పని మరొకటుంది. బ్రెజిల్‌వాళ్లు లియోజెనిస్‌కు చేసినట్టు మన హోలోట్రైకియాకు, తెలుగులో ప్రశ్నలడిగే గుర్తింపు పట్టిక ఒకటి తయారుచేసి ఇవ్వవచ్చు. బొమ్మలతో, రైతు సేవా కేంద్రంలో పనిచేసే కుర్రాడికి కూడా అర్థమయ్యే మాటల్లో. నిపుణులు సమాచారమిస్తే దాన్ని ఫోన్‌లో నడిచేలా చేయడం నల్లగండ్లలో ఏ అపార్టుమెంటులోనైనా పదిమందికి వచ్చిన విద్యే.

సమాచారం పోగు చేయడానికి నిపుణులదాకా ఆగక్కరలేదు. వచ్చే తొలకరికి ఇక్కడి బడిపిల్లలే మొదలుపెట్టవచ్చు. కాలనీలో మిగిలిన వేపచెట్టు కింద చీకటిపడ్డాక గంటసేపు తెల్లగుడ్డ పరిచి, కొమ్మ దులిపి, పడినవాటిలో నాలుగైదు మాత్రం స్పిరిట్ సీసాలో వేసి, మిగతావి వదిలేయాలి. ఊరు, తేదీ, చెట్టు, పట్టినవారి పేరు రాసిన చీటీ సీసా లోపలే వేయాలి. చీటీ పెన్సిలుతోనే రాయాలి. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది.